లేని చెరువుకి స్థలపురాణం

ఒక ఊరికి చెరువును దానం చేసిన మహారాజుని నేను. చెరువులు తవ్వించిన రాజుల పేర్లు శాసనాల్లో ఉంటాయి. నోటితో తవ్వినవాడి పేరు ఎవరూ రాయరు కాబట్టి నా తెలివితక్కువతనాన్ని నేనే చెప్పుకోవాలి. స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరాలో, కోట కింద, నిండుగా నీళ్ళున్న చెరువు ఒకటి ఉందని బస్సులకు బస్సుల జనానికి చెప్పాను. ఆ నీళ్ళ మహిమ ఏమిటో కూడా చెప్పాను. అది లేదన్న సంగతి నాకు తెలియక కొన్నాళ్ళు చెప్పాను, తెలిశాక మరికొన్నాళ్ళు చెప్పాను.

ఇది చదివే పిల్లలు లండన్ పక్క హౌన్స్‌లోలో గదికి ఇద్దరేసి ఉంటూ, డ్యూటీల రోటాలో సెలవు దొరికితే ఎక్కడికి పోదామా అని ఫోన్లో వెతుక్కునేవాళ్ళయి ఉంటారు. మీకు ఒక ఊరి కథ కావాలంటే వేలితో తాకితే చాలు. నేను పనిచేసిన రోజుల్లో ఊరి కథ చెప్పడానికి బస్సులో ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషిని నేనెలా అయ్యానంటే, రెండు వేల ఎనిమిదిలో మాంద్యం వచ్చి హీత్రో విమానాశ్రయం కార్గో షెడ్డులో మనుషుల్ని తగ్గించారు. తగ్గినవాళ్ళలో నేనొకణ్ణి. ఇరవై ఏళ్ళు సరుకు మోసిన నడుము ఇంకో బరువు మొయ్యనంది. మోయనక్కర్లేని సరుకు మాట ఒక్కటే కదా అని, మన వాళ్ళని టూర్లకి తీసుకెళ్ళే ఒక చిన్న ట్రావెల్స్‌లో గైడుగా చేరాను. అప్పటికి నేను చూసిన ఇంగ్లండు అంతా ట్రాలీ మీదుగా చూసిందే.

మా పెద్ద టూరు ఎడిన్‌బరా. సోమవారం సెలవు కలిసొచ్చిన వారాంతాల్లో వెళ్ళేది. శనివారం తెల్లారకముందే హౌన్స్‌లోలో కదిలి, నార్తాంప్టన్‌లో కొందరిని ఎక్కించుకుని, పగలంతా ఉత్తరానికి పోయి, సాయంత్రానికి అక్కడ దిగేవాళ్ళం. ఆదివారం ఊరు చూపించి, సోమవారం పొద్దున మిగిలింది కూడా చూపించి, వెనక్కి. దారిలో ఒక ఇండియన్ రెస్టారెంటులో బిర్యానీ భోజనం. బస్సులో సాఫ్ట్‌వేర్ కుటుంబాలు, వేసవికి పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళు, చదువుకునే కుర్రకారు ఉండేవాళ్ళు.

డ్రైవరు ఎడిన్‌బరాలోనే, రేవు పక్క వీధిలో పుట్టి పెరిగినవాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. నన్ను ప్రొఫెసర్ అని పిలిచేవాడు. అది గౌరవం కాదని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. అలా మాకు బాగా కుదిరింది.

మొదటి ట్రిప్పులోనే ముందు సీటులో ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. "ఏమండీ, ఈ ఎడిన్‌బరా స్థలపురాణం ఏమిటి?"

మన పెద్దవాళ్ళకి ఇదొక అలవాటు. ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరు ఎందుకు పుట్టింది, ఎవరి తపస్సుకి పుట్టింది, అక్కడి నీళ్ళ మహిమ ఏమిటి, ఇవి తెలియకుండా బస్సు దిగితే డబ్బు దండగ అయినట్టు వాళ్ళకి. నా చేతిలో ఉన్నది ఒక కరపత్రం. అందులో ఎడ్విన్ అనే రాజు పేరు మీద ఎడిన్‌బరా వచ్చిందని ఉంది. అదే చదివాను.

ఎడ్విన్ అన్న పేరు చెవినపడిందేమో, టీ తాగేచోట డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "తప్పు, ప్రొఫెసర్. ఆ రాజు పేరు వినకముందే ఆ బండకి పేరుంది. పాతకాలపు జనం దాన్ని దిన్ ఐడిన్ అనేవాళ్ళు. దిన్ అంటే కోట. తర్వాత వచ్చినవాళ్ళు కోటకి తమ మాట 'బర్గ్' తగిలించుకుని, ఐడిన్‌ని అలాగే ఉంచేశారు."

"మరి ఐడిన్ అంటే?"

"ఎవరికీ తెలీదు."

తెలీదన్న మాటతో డీజిలు బండి నడుస్తుందేమో గాని గైడు బండి నడవదు. ఆ రోజు హోటలు గోడ మీద ఒక పాత చిత్రం చూశాను. కొండ మీద కోట, కోట కింద చెరువు, ఒడ్డున మనుషులు. ఇంకేం కావాలి? రాత్రి కూర్చుని స్థలపురాణం అల్లాను. పూర్వం అక్కడ అగ్నిపర్వతం ఉండేది. ఇంతవరకు నిజమే, ఆ కోట కూర్చున్న బండ చల్లారిన అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన రాయి. ఆ పైదంతా నాది. ఆ మంట చల్లారాలని ఐడిన్ అనే రాణి తపస్సు చేసింది. ఆకాశం నుంచి ఒక్క చినుకు రాలింది. ఆ చినుకే చెరువయింది. కొండ వేడిని ఇప్పటికీ ఆ చెరువే తాగుతోంది. అందులో కలిసినవాడికి మళ్ళీ దాహం ఉండదు.

మర్నాడు మైకులో చెబితే చప్పట్లు కొట్టారు. జీవితంలో నాకు అంతకుముందు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. షెడ్డులో కొడితే పెట్టె మీద దుమ్ము కొట్టాలి, అంతే.

కరపత్రం చదివినవాణ్ణి, చిత్రం చూసినవాణ్ణి, ఆ చెరువు ఒడ్డుకి మాత్రం వెళ్ళి చూడలేదు. మొదటి రెండు మూడు ట్రిప్పుల్లోనూ మంచే. తూర్పు సముద్రం నుంచి తెల్లటి మంచు వచ్చి కోట కింద లోయంతా నింపేస్తుంది. దాన్ని అక్కడ హార్ అంటారు. కోట మెడకి హారం వేసినట్టే ఉంటుంది కాబట్టి నాకా పేరు నచ్చింది. రోడ్డు పక్క కమ్మీ దగ్గర అందర్నీ నిలబెట్టి, "అదిగో, ఆ మంచు కిందే చెరువు" అనేవాణ్ణి. అబద్ధం కాదు, నేను నమ్మే చెప్పాను.

అలాంటి ఒక ట్రిప్పులో నార్తాంప్టన్‌లో ఒక దంపతులు ఎక్కారు. అనంతపురం వైపు వాళ్ళు. కూతురు నార్తాంప్టన్ ఆస్పత్రిలో పనిచేస్తుంది, ఆమె దగ్గరే ఉండిపోయారు. ఆయన ఇరిగేషన్‌లో చెరువు తూములు ఎత్తే లస్కరుగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయినాయన. నేను పురాణం పూర్తిచేసి చప్పట్ల కోసం ఆగితే, చప్పట్లకి బదులు ఆయన చెయ్యి లేచింది.

"రాణి తపస్సు చేసె, చినుకు పడె, చెరువాయె. సరేనప్పా, ఒప్పుకుంటి. చెరువన్నాక తూముండాల గదా. తూము యాడుండాది?"

"తూమా అండీ?"

"ఆఁ, తూము. అలుగు ఎటు పారుతాది?"

బస్సంతా నవ్వింది. "అది దైవికంగా వచ్చిన చెరువండీ, దానికి తూము..." అని నేను నసిగాను.

"తూము లేని చెరువూ, నాలుక లేని మనిషీ ఒకటే. నీకు నాలుక బాగానే ఉండాది, చెప్పు మరి."

"సాల్లే ఊరుకోండి. ఆయప్పను బతకనీరా?" అంది ఆయన భార్య.

ఊరుకోలేదు. తోవ పొడుగునా మైకు పట్టుకున్నప్పుడల్లా "ఏమప్పా, తూము దొరికెనా?" అని కేకేశాడు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? "వెతుకుతున్నామండీ, టెండర్లు పిలిచాం" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

కానీ కోట కింద కమ్మీ దగ్గరికొచ్చేసరికి ఆయన తూము మాటే మరిచిపోయాడు. లోయ నిండా తెల్లగా, కదలకుండా పరుచుకుని ఉంది మంచు. ఆయన రెండు చేతులూ కమ్మీ మీద వేసి చాలాసేపు చూశాడు. అందరూ ఫొటోలు దిగి బస్సెక్కినా కదల్లేదు. "నిండుగా ఉండాది" అన్నాడు చివరికి, భార్యతో. "నా సర్వీసులో ఇంత నిండిన చెరువు సూడలేదు."

"అది మంచండీ, చెరువు దాని కిందుంది" అనవలసింది నేను. ఆయన ముఖం చూసి అనలేకపోయాను.

ఆ తర్వాతి నెల ఎండ కాసింది. మంచు లేదు. కమ్మీ దగ్గరికెళ్ళి చూస్తే కింద తోట. పచ్చిక మీద చొక్కాలిప్పి పడుకున్న మనుషులు, ఐస్‌క్రీము బండి. అడుగున ఒక రైలు పోతోంది.

"చెరువేది?" అని డ్రైవర్ని అడిగాను.

అతను మొదట నవ్వాడు. తర్వాత, ఆ పొట్టి మాటల మనిషి, నాకు ఊరు పెరిగిన కథంతా చెప్పాడు. ఆ చెరువును తవ్విందీ దైవం కాదు, నింపిందీ చినుకు కాదు. ఇంగ్లీషువాళ్ళు దండెత్తి రాకుండా అడ్డుకట్ట వేసి తామే నింపుకున్నారు. కోట నుంచి కిందికి దిగే సన్నటి గుట్ట వీపు మీదే ఊరు. పక్కకి పెరగడానికి చోటు లేక ఊరు పైకి పెరిగింది. ఇంటి మీద ఇల్లు, దాని మీద ఇల్లు. అన్ని ఇళ్ళ మురికీ వాలు వెంట జారి ఆ చెరువులోకే. మంత్రగత్తెలని పేరుపెట్టిన ఆడవాళ్ళని అందులోనే ముంచారు. తర్వాత డబ్బున్నవాళ్ళు ఆ కంపు భరించలేక, చెరువు ఎండగట్టి, మీద వంతెన వేసి, ఆవలి గట్టున తిన్నటి వీధులతో కొత్త ఊరు కట్టుకున్నారు. పునాదులు తవ్విన మట్టి తెచ్చి చెరువు గర్భంలో పోశారు. అది గుట్టయింది. ఆనక రైలు వచ్చింది.

నేను పుష్కరిణి అని చెప్పింది ఊరి మురుగు గుంట.

మానేశానా? లేదు. ఆ కథ లేకపోతే టూరే లేదన్నంతగా పేరొచ్చింది. చెరువు బొమ్మ వేసి మా యజమాని కరపత్రం కూడా కొట్టించాడు. అందుకని ఒక సర్దుబాటు చేసుకున్నాను. ఎండ కాస్తే భూతకాలం, మంచు పడితే వర్తమానం. "ఇక్కడొక చెరువు ఉండేది" అని ఎండలో, "ఇక్కడొక చెరువు ఉంది" అని మంచులో. వ్యాకరణాన్ని వాతావరణానికి అప్పగించినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రెండు వేసవులు పోయాయి. ఒక శనివారం నార్తాంప్టన్‌లో ఆ అనంతపురం ఆవిడ ఒంటరిగా ఎక్కింది. చేతిలో గుడ్డ సంచి. నేను గుర్తుపట్టి, "సారు రాలేదా అమ్మా? ఈసారి తూము చూపిద్దామనుకున్నాను" అన్నాను.

"వచ్చినాడు నాయనా" అంది. సంచి మీద చెయ్యి వేసింది.

నాకు వెలగలేదు. వెనకాల వస్తున్నాడేమో అని తలుపు వైపు చూశాను కూడా.

మోటర్‌వే పక్క బళ్ళు ఆగే సర్వీసుల్లో అందరూ కాఫీలకి దిగాక ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. సంచిలో స్టీలు డబ్బా. మూతకి తెల్లగుడ్డ కట్టి ఉంది.

"నవంబరులో గుండె నిలబడిపాయ నాయనా. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నీ మాటే. కాశీకి వద్దు, గోదారికి వద్దు, ఆ బస్సాయప్ప సూపించిన నిండు చెరువులో ఒక గుప్పెడు కలుపు, సాలు, అన్నాడు. జన్మంతా ఎండిన చెరువుల గట్లెంట తిరిగిన మనిషి. దాంట్లో కలిసినోనికి మళ్ళా దప్పిక ఉండదంటివి గదా."

ఆ చెరువు లేదని చెప్పడానికి అప్పుడు వేళ ఉంది, చోటు ఉంది, మనిషి ఎదురుగా ఉంది. నాలుక బాగానే ఉందని ఆయనే సర్టిఫికెట్టు ఇచ్చిన నాలుక, లేవలేదు.

"కూతురికి చెప్పారా అమ్మా?"

"దానికి డ్యూటీలు. ఊరు సూసొస్తా అని వచ్చినా. నువ్వుండావు గదా."

అక్కణ్ణుంచి ఎడిన్‌బరా దాకా మంచు కోసం మొక్కుకున్నాను. ఎండ కాయాలని బస్సెడు జనం కోరుకునే టూరులో గైడొక్కడు మంచు కోరుకున్నాడు. ఎవరి మాట చెల్లుతుంది? ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆ రోజంతా ఆవిణ్ణి ఆ లోయ కంటపడకుండా తిప్పాను. రాజభవనం చూపించాను, కొండ చూపించాను, పాత ఊరి సందుల్లో ఎక్కించి దింపాను. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కూడా వచ్చింది. "చెరువు రేపా నాయనా?" అని ఒక్కసారే అడిగింది.

సోమవారం పొద్దున ఇక తప్పలేదు. మంచు లేదు. కమ్మీ దగ్గర నిలబడి ఆవిడ కిందికి చూసింది. పచ్చిక, పూలమళ్ళు, బెంచీలు. రైలు వచ్చి పోయింది.

"చెరువు యాడ నాయనా?"

"ఇదేనమ్మా."

అన్నీ చెప్పాను. రాణి లేదని, చినుకు లేదని, మనుషులే నింపి మనుషులే తీసేశారని చెప్పాను. ఆ రోజు మీరు చూసింది మంచు అని చెప్పాను. మురుగు అన్న మాట ఒక్కటి మింగాను.

ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. "మా పక్క చెరువులు ఎండిపాయినాయంటే వాన రాక. ఇంత వాన కురిసే దేశంలో ఎట్ల ఎండె?"

"ఎండలేదమ్మా. ఎండగట్టారు."

"అయితే ఆ నీళ్ళు యాడికి పోయినాయి?"

లస్కరు ఇంట్లో కాపురం చేసిన మనిషి అడిగిన ప్రశ్న అది. అన్నాళ్ళుగా చెరువు చుట్టూ కథలు చెప్పిన నాకు ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. బస్సు దగ్గరున్న డ్రైవర్ని పిలిచి అడిగాను. అతను సంచి వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, టోపీ తీశాడు. తూర్పుకి చెయ్యి చాపి, "సముద్రంలోకి. మా వీధి అవతలే. బస్సులో ఎంతోసేపు పట్టదు" అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. ఆవిడ సంచి భుజానికి సర్దుకుంది. "అయితే ఆ నీళ్ళు పోయిన కాడికే పోదాం. ఆయనున్నా అదే అంటాడు."

డ్రైవరు తన డ్రైవింగు గంటలు లెక్కచూసుకుని, ఒక గంట ఆలస్యమైనా చట్టానికి లోబడే ఇల్లు చేరతామన్నాడు. యజమానికి ఫోన్ చేశాను. ఆయన ముందు మర్యాదగానే విన్నాడు. తర్వాత రెస్టారెంటు గుర్తొచ్చింది. బిర్యానీ ఒక వేళకి చెప్పి ఉంది, వెనకాల ఇంకో పార్టీ ఉంది. "ఇది టూరు, తీర్థయాత్ర కాదు" అన్నాడు ఇంగ్లీషులో. నేను బతిమాలాను. "సరే, బస్సులో అందరూ ఒప్పుకుంటే వెళ్ళు. ఒక్కరు కాదన్నా వద్దు."

అందరూ ఒప్పుకుంటారని నాకు అణుమాత్రం సందేహం లేదు. మన వాళ్ళు కదా! మూడు రోజులుగా ఆవిడతో జంతికలు పంచుకు తిన్నవాళ్ళు, అమ్మా అమ్మా అని ఫొటోలు దిగినవాళ్ళు. బస్సెక్కాను. ఆవిడ ముందు సీటులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మైకు తీసుకున్నాను. ఒక గంట సముద్రం దగ్గర ఆగుదాం అంటే సరిపోయేది. సరిపోయేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా గొంతు నాకే కరుణరసంగా వినిపించింది. సంచి సంగతి, డబ్బా సంగతి, ఆయన చివరి కోరిక, అంతా చెప్పాను. పురాణం చెప్పినట్టే చెప్పాను. చెప్పి, ఆగాను.

వెనక వరసలోంచి ఒక గొంతు, "అంటే... అవి బస్సులో ఉన్నాయా?"

"శనివారం నుంచీనా?"

"మన మధ్యే పెట్టుకు తిరుగుతున్నామన్నమాట."

"అస్థికలు ఇంట్లోకే తేరు కదండీ, బయట చెట్టుకి కడతారు. బస్సులోకి ఎలా తెచ్చారు?" అన్నాడొక పెద్దాయన. కోపంగా కాదు, శాస్త్రంగా.

"ఎల్లుండి మా తమ్ముడి గృహప్రవేశం, స్విండన్‌లో. ఇప్పుడు మేం వెళ్ళొచ్చా, కూడదా?" అని ఒకావిడ భర్తని అడుగుతోంది.

"అంకుల్, ముందే చెప్పాలి కదా ఇలాంటివి" అన్నాడొక సాఫ్ట్‌వేర్ అబ్బాయి. "ఇంకోసారి చూద్దాం లెండి. పిల్లలున్నారు."

వెనక సీటులోంచి ఒక చదువుకునే అమ్మాయి మాత్రం, "నాకేం ప్రాబ్లం లేదు అంకుల్, వెళ్దాం" అంది. పక్కనున్న స్నేహితురాలు చెయ్యి పట్టి లాగింది.

ఆవిడ లేచి నిలబడింది. వెనక్కి తిరగలేదు. "వద్దు నాయనా. బండి కదిలించు" అంది.

బస్సు కదిలింది. ఊరు దాటకముందే ఆవిడ పక్కన కూర్చున్నావిడ, ఏసీ మొహానికి కొడుతోందని వెనక్కి వెళ్ళింది. ఆ వెనక వరసలో ఇద్దరు, పిల్లవాడికి కిటికీ కావాలని లేచారు. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. మన వాళ్ళు అంత సంస్కారవంతులు. చూస్తుండగా ముందు సీట్లన్నీ ఖాళీ అయ్యాయి.

"ఆమె పక్కన ఎవరూ కూర్చోరేం?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూసి.

నేను నా సీటు వదిలి ఆవిడ పక్కన కూర్చున్నాను. మంచితనం కాదు. నా సీటు ఎదురుగా మైకు ఉంది. దాన్ని చూస్తూ కూర్చోలేకపోయాను.

రెస్టారెంటు దగ్గర అందరూ దిగారు. ఆవిడ దిగలేదు. నేను పొట్లం కట్టించి తెచ్చాను. "అందరూ తిన్నారా?" అని అడిగి, పొట్లం విప్పకుండా పక్కన పెట్టింది. కిటికీ అవతల ఇంకా వెలుగుంది. ఆ వేసవిలో పొద్దు ఎంతకీ కుంగదు. కుంగితే బాగుండునని ఆ రోజంతా అనుకున్నాను.

నార్తాంప్టన్‌లో ఆవిణ్ణి దింపినప్పుడు సంచి అందుకోబోయాను. ఇవ్వలేదు. మెట్టు దిగి, నా వైపు చూసి, నెమ్మదిగా అంది. "నువ్వు అబద్ధం చెప్పినావని నాకేం లేదు నాయనా. ఆయనకు ఆ కథ శానా ఇష్టం. నాకు నిజం చెప్పినావు, అదీ సరే. వాళ్ళందరికీ ఎందుకు చెప్తివి?"

మీలో చాలామంది రేపు ఏదో ఒక పనిలో మైకు పట్టుకుంటారు. మనసు మంచిదైతే మైకు మంచిదే చేస్తుందనుకోకండి. ఒకరి చెవిలో వేసిన మాటకీ నలుగురి ముందు పెట్టిన మాటకీ మధ్య ఒక మనిషి పరువు ఉంటుంది.

హౌన్స్‌లోలో బస్సు షెడ్డులో పెట్టాక డ్రైవరు, "ఈస్టరుకి నా కారులో తీసుకెళ్దాం. నువ్వు, నేను, ఆమె. ఏ ఆఫీసునీ అడగక్కర్లేదు" అన్నాడు. నేను ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ సంతోషించింది. "ఈస్టరంటే ఎప్పుడు నాయనా? చలి తగ్గినాకనేనా?" అని అడిగింది. చలికాలం మధ్యలో ఇంకోసారి మాట్లాడాను. మోకాళ్ళ నొప్పి, జీపీ డాక్టరు దగ్గరికి వెళ్తున్నా అంది. నొప్పి తగ్గనీ అన్నాను.

ఈస్టరుకి ముందు, రోజు ఖాయం చేసుకుందామని ఫోన్ చేస్తే మనవరాలు ఎత్తింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో. అమ్మమ్మ ఫిబ్రవరిలో పోయిందని చెప్పింది. నిద్రలోనే.

అడిగాను. "అమ్మమ్మ దగ్గర ఒక స్టీలు డబ్బా..."

తాతయ్యదీ అమ్మమ్మదీ కలిపి అక్కడే శ్మశానం వాళ్ళ గులాబీ తోటలో చల్లేశారట. "మమ్‌కి అదే ఈజీ అయింది, అంకుల్."

"ఎడిన్‌బరా వెళ్ళాలనుకున్నాం..."

"ఎడిన్‌బరానా? వై ఎడిన్‌బరా?" అంది ఆ పిల్ల, నిజంగానే తెలియక.

ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నా ఒక్కడికే.

ఇంకో నాలుగేళ్ళు ఆ బస్సులో చేశాను. స్థలపురాణం చెప్పడం మానేశాను. గొంతు బాగుండటం లేదన్నాను. రాణి లేదు, చెరువు లేదు, పేరుకి అర్థం ఎవరికీ తెలీదు అంటే జనం ముఖాలు వాడిపోయేవి. యజమాని కూడా గమనించాడు. నా నడుము కూడా ఇక చాలంది. వెళ్ళిపోతానంటే ఆయన పెద్దగా బాధపడలేదు. గైడుల రోజులు పోయాయి, ఇక రికార్డు చేసిన మాటే బస్సులో మోగుతుంది, తెలుగు టూర్లకి మాత్రం నీ గొంతే ఉండాలి, పాత చెరువు కథ పూర్తిగా పెట్టు, అన్నాడు. హౌన్స్‌లోలో ఒక మేడమీద గదిలో కూర్చోబెట్టి నా చేత మాట్లాడించారు. ఆయనకి తెలుగు రాదు. అద్దం అవతల నిలబడి, నా గొంతు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ తల ఆడించాడు.

నేను చెరువు కథ పూర్తిగానే పెట్టాను. అడ్డుకట్ట, మురుగు, ముంచిన ఆడవాళ్ళు, వంతెన, కొత్త ఊరు, మట్టిగుట్ట, రైలు. ఐడిన్ అంటే ఎవరికీ తెలీదని పెట్టాను. కథ అయిపోయాక, అదే గొంతుతో, తొణక్కుండా, ఇలా పెట్టాను: "ఆ చెరువు నీళ్ళు ఊరి తూర్పున సముద్రంలోకి పోయాయి. మన బస్సు తిరుగు ప్రయాణంలో అక్కడ ఒక గంట ఆగుతుంది. ఇది మీ టికెట్టులోనే ఉంది. డ్రైవరు మరిచిపోతే గుర్తుచేయండి, ఆగేదాకా అడగండి. ఆ గంటలో ఎవరు ఎందుకు దిగారో, ఎవరి చేతిలో ఏముందో, ఎవరూ ఎవరినీ అడగరు."

యజమాని అద్దం అవతల బొటనవేలు పైకెత్తి చూపించాడు.

డ్రైవరు ఏమీ మరిచిపోలేదు. కానీ మరిచిపోయినట్టు నటించేవాడట, జనం చేత గట్టిగా అడిగించడానికి. టికెట్టులో ఉందంటే మన వాళ్ళు వదులుతారా? ట్రిప్పు తర్వాత ట్రిప్పు, బస్సు బస్సంతా కేకలు. రెస్టారెంటువాడు విసుక్కుని చివరికి బిర్యానీ వేళ మార్చుకున్నాడు. ఆఫీసుకి ఫిర్యాదులు వెళ్ళీ వెళ్ళీ, సముద్రం గంట కరపత్రంలో అచ్చయింది.

అప్పుడు యజమాని నాకు ఫోన్ చేశాడు. మిగతా భాషలవాళ్ళు ఎవరూ అడగరు, మీ తెలుగువాళ్ళకే ఏమిటి ఈ సముద్రం పిచ్చి, అని నిజంగా అర్థంకాక అడిగాడు.

"ఏం చేస్తామండీ," అన్నాను, "మేమంతా అనంతపురం వైపు వాళ్ళం. అక్కడ సముద్రం ఎక్కువ."

అనంతపురం స్పెల్లింగు అడిగి, ఆయన రాసుకున్నాడు.